తన సామానుకు తానే వంకలు పెట్టిన సార్

2023వ సంవత్సరం. బీదర్ల వానలు తగ్గి, దసరా ఇంకా కొంచెం దూరం ఉండంగ, నౌబాద్ దిక్కు ఒక ఫంక్షన్ హాల్ కిరాయికి తీసుకొని నేనొక హర్రాజు పెట్టిన. హర్రాజు అంటె వేలం. మా దిక్కు నిజాం కాలం నుంచి గదే మాట నడుస్తది. నా పని అదే. సుత్తె పట్టుకొని బల్ల ఎన్క నిలబడి, సామాను చూపిచ్చి, రేటు పిలుచుడు.

మాది భాల్కి తాలూకా ధన్నూర. ఇంట్ల తెలుగు, బడిల కన్నడ, బజార్ల దక్కని ఉర్దూ. చిన్నప్పుడు ఇవన్ని కలగాపులగమై పరీక్షలల్ల మార్కులు పోయేటియి గని, ఇప్పుడు అవే నాకు అన్నం పెడ్తున్నయి. ఒక్క కుర్చీ అమ్మనీకె మూడు భాషలల్ల రేటు పిలిచే ఆడమనిషి బీదర్ల ఇంకొకామె లేదు. పని హైదరాబాద్ల ఒక వేలం కంపెనీల నేర్చుకున్న. ఎన్కకొచ్చి సొంతంగ పెట్టుకున్న. నాతోని మా తమ్ముడు బస్వరాజు ఉంటడు. ఫోన్లు, సామాను మోసుడు, దించుడు అంత వాడే చూసుకుంటడు.

మేం మామూలుగ అమ్మేది మూతపడ్డ హోటళ్ల ఫర్నిచర్, పాత బీరువాలు, జనరేటర్లు. అందుకే విఠల్ రావు సార్ హర్రాజు నాకు ఇన్నేండ్ల పనిల వేరేగ నిలబడ్డది.

ఒక దినం పొద్దుగాల్ల ఆయన, ఆయన భార్య శకుంతలమ్మ మా ఆఫీసుకు వచ్చిన్రు. సార్ డిగ్రీ కాలేజీల ఫిజిక్స్ చెప్పి రిటైరైండు. ఆమె కమఠాణ ఊరి బిడ్డ, అంగన్‌వాడీల పనిచేసింది. సార్ చేతుల ఒక చెక్క పెట్టె ఉన్నది. కూసున్నంక గూడ దాన్ని ఒళ్లె నుంచి దించలె. మాట్లాడింది మొత్తం శకుంతలమ్మనే.

"మా ఇంట్ల నడిచే జాగ లేదమ్మా," అన్నది. "మంచం కింద దుర్భిణులు, బియ్యం డబ్బ మీద తక్కెడలు, దేవుని అర్రల గాలి బరువు చూసే గడియారం. ఇన్నేండ్లు ఓర్చుకున్న. ఇప్పుడు ఓనర్ ఇల్లు ఖాళీ చెయ్యమంటుండు, కొడుకు పెండ్లి చేస్తడట. ఇగ మల్ల కిరాయి ఇంట్లకు నేను పోను. మేకు కొట్టాలన్నా ఓనర్‌ను అడిగే బతుకు చాలు. కమఠాణల మా తమ్ముని ఇంటి పక్కన చిన్న ఇల్లు చూసి అడ్వాన్సు కింద బయానా ఇచ్చినం. మిగిలిన పైసలు ఈ సామానే ఇయ్యాలె."

"సార్‌కు ఇష్టమేనా?" అని అడిగిన. ఇష్టం లేకుంట తెచ్చిన సామాను హర్రాజు దినం ఎంత పరేషాన్ చేస్తదో నాకు తెలుసు.

సార్ తల ఎత్తిండు. "ఇష్టమే బిడ్డా. నేను పోయినంక ఎవరో అమ్ముతె నాకేం తెలుస్తది? ఎవరి చేతులకు పోతయో నేనే చూడాలె. గంతే."

వాళ్ల ఇంటికి పోయి కేటలాగ్ రాసుడు షురూ చేసిన. కేటలాగ్ అంటె అమ్మే సామాను జాబితా. ఒక్కో సామానుకు ఒక నంబరు, ఒక ఫోటో, నాలుగు లైన్ల వివరం. ఆ నంబరు పెట్టిన సామానును లాట్ అంటం. ఊరి బయటి కొనేటోళ్లకు ఈ కేటలాగే కండ్లు.

ఆ ఇంట్ల నేను రాసుకున్న దానికంటె విన్నదే ఎక్కువ. ఒక్కో సామాను ఎక్కడ దొరికిందో సార్ చెప్పాలె, తర్వాత అది పనిచేసి చూపెట్టాలె, అప్పుడే నన్ను రాయనిస్తడు. చాన మట్టుకు భంగార్ దుకాణాల నుంచి, అంటె తుక్కు కొనే దుకాణాల నుంచి వచ్చినయే. పాత బడులు, సర్వే ఆఫీసులు, మూతపడ్డ మిల్లులు వదిలించుకున్న ఇత్తడి సామాను కిలో లెక్కన కరగబెట్టనీకె పోతాంటె, ఈయన అడ్డం పడి తెచ్చుకునేటోడు. బీదర్, హుమ్నాబాద్, జహీరాబాద్ దుకాణాలోళ్లు ఫోన్ చేసి, "సార్, ఇత్తడొచ్చింది, గాజు గూడ ఉన్నది, జల్ది రా" అనేటోళ్లట. గాజు ఉన్నదంటె అది సైన్సు సామాను అని వాళ్లకు గూడ అర్థమైపోయింది.

ఆయన ఒళ్లె నుంచి దించని పెట్టె పాటల పెట్టె. ఇంగ్లీషుల మ్యూజిక్ బాక్స్ అంటరు. తాళం తిప్పితె లోపల ఇత్తడి డోలు నెమ్మదిగ తిరుగుతది. డోలు నిండ సన్నని ముండ్లు. ఆ ముండ్లు ఒక ఉక్కు దువ్వెన పండ్లను మీటుకుంట పోతయి. ఒక్కో పన్నుది ఒక్కో స్వరం. మీద గాజు మూత ఉన్నది గని పాతబడి మసకబారింది, లోపలిది సక్కగ కనిపియ్యది. సార్ తాళం తిప్పిండు. ఏ దేశం బాణీనో, ఊయల ఊగినట్టు సాగింది. ఆయన గూడ దానితోని కలిసి సన్నగ కూనిరాగం తీసుకుంట, కండ్లు మూసుకున్నడు. శకుంతలమ్మ వంటింట్ల నుంచి చూసి ఏమో అనబోయి, ఊకున్నది. నేను 'మంచిగ పనిచేస్తది' అని రాసుకున్న.

ఇంటికి పోయే ముందర సార్ నా కాగితాలు అడిగి తీసుకున్నడు. ప్రతి లాట్ కింద నేను ఒక్క తీరుగనే రాసిన: 'వయసుకు తగ్గట్టున్నది. ఉన్నది ఉన్నట్టు అమ్మబడును.' దాన్ని కండిషన్ రిపోర్ట్ అంటరు, సామాను ఏ స్థితిల ఉన్నదో చెప్పే మాట. మా పనిల అందరు రాసే లైనే అది. తర్వాత లొల్లి వస్తె మనల్ని కాపాడుతది.

సార్ అద్దాలు పైకి జరిపిండు. "వయసుకు తగ్గట్టున్నది అంటె ఏంది బిడ్డా? నా వయసుకు తగ్గట్టు నాకు మోకాళ్ల నొప్పులున్నయి. డాక్టర్ దగ్గరికి పోయి మోకాళ్లు నొస్తున్నయి అంట గని, వయసుకు తగ్గట్టున్న అంటనా?"

"అందరు గట్లనే రాస్తరు సార్," అన్న.

"అందరు రాస్తె నేను పేపర్లు దిద్దినప్పుడు మార్కులు కోసేటోణ్ని," అన్నడు. అప్పటికి అది నవ్వులాటనే అనుకున్న.

మా పనిల ఒక అలవాటు ఉన్నది. సామాను ఇచ్చేటోళ్లను కన్సైనర్ అంటం. కన్సైనర్‌ను హాల్ల కూసోనియ్యం. తన సామాను తక్కువకు పోతాంటె మనిషి ఊకోలేడు. దగ్గుతడు, లేస్తడు, కొనేటోళ్ల మొఖాలు చూస్తడు. ఈ మాట చెప్తె శకుంతలమ్మ వెంటనే ఒప్పుకున్నది. సార్ ఒప్పుకోలె. "ఇది బిడ్డ పెండ్లికి తండ్రిని రావద్దన్నట్టున్నది," అన్నడు. చివరికి ఎన్క వరుసల, మాట్లాడకుంట కూసుంటనని మాటిచ్చిండు.

హర్రాజు దినం హాల్ మంచిగనే నిండింది. ముందటి దినం పెండ్లిల కట్టిన బంతిపూల దండలు ఇంకా స్తంభాలకు ఉన్నయి. హైదరాబాద్, కలబురగి, లాతూర్ నుంచి వ్యాపారులు వచ్చిన్రు. వాళ్లల్ల పెద్ద కొనేటాయన ఖాదర్ భాయి, హైదరాబాద్ పాత సామాన్ల వ్యాపారి. మనిషి మర్యాదస్తుడు, బేరంల మాత్రం రాయి. రాలేనోళ్లు ఫోన్ల మీద ఉన్నరు. వాళ్లను టెలిఫోన్ బిడ్డర్లంటం. మా తమ్ముడు ఫోన్ చెవికి పెట్టుకొని, హాల్ల ఏమైతాందో వాళ్లకు చెప్పుకుంట, వాళ్ల దిక్కు నుంచి చెయ్యి ఎత్తుతడు. ఆ దినం ఫోన్ మీద సోలాపూర్ నుంచి ఒక మేడమ్ ఉన్నది. పాత యంత్రాలు పోగేసుకునే మనిషి, కేటలాగ్ చూసి ముందే పేరు రాయించుకున్నది.

మొదటి లాట్ థియోడొలైట్, అంటె సర్వేయర్లు భూమి మీద కోణాలు కొలిచే ఇత్తడి దుర్భిణి. మూడు కాళ్ల మీద నిలబెట్టి మెరిసేటట్టు తుడిచినం. నేను రేటు పిలిచిన. ఖాదర్ భాయి చెయ్యి ఎత్తిండు. కలబురగి ఆయన పెంచిండు. ఖాదర్ భాయి మల్ల పెంచిండు. రేటు మంచిగ ఎక్కుతాంది.

ఎన్క వరుసల కుర్చీ కిర్రుమన్నది.

"ఒక్క నిమిషం," అన్నడు విఠల్ రావు సార్, క్లాసుల నిలబడ్డట్టు నిలబడి. "ఆ కింది కాళ్లు దానివి కావు. వేరే దానివి. నేనే జత చేసిన. పైనున్న యంత్రం అసలుదే."

హాల్ అంత ఎన్కకు తిరిగింది. ఖాదర్ భాయి చెయ్యి దిగిపోయింది. నేను ఎంత పిలిచినా రేటు ఆడ్నే ఆగింది. రిజర్వ్ మీద ఏదో ఒక మెట్టు దాటినందుకు సుత్తె కొట్టిన. రిజర్వ్ అంటె గింతకు తక్కువైతె అమ్మం అని ముందే రాసుకున్న రేటు.

రెండో లాట్ ఆయన దేవుని అర్ర గడియారం, బారోమీటర్. గాలి బరువు చూసి వాన, ఎండ చెప్పే యంత్రం. నేను గుండ్రటి ఇత్తడి చట్రం గురించి రెండు మంచి మాటలు చెప్పంగనే మల్ల కుర్చీ సప్పుడు.

"అది మా ఇంటికి వచ్చిన సంది ఎండ అనే చెప్తాంది. మొన్న మా వాకిట్ల మోకాలు లోతు నీళ్లు నిలిచినప్పుడు గూడ ఎండనే అన్నది."

హాల్ అంత ఒక్కసారి నవ్వింది. ఒక్క చెయ్యి లేవలె. నేను 'పాస్' అన్న. అమ్ముడుపోలేదు అని దాని అర్థం. గోడ పక్కన నిలబడ్డ శకుంతలమ్మ మొఖం నేను చూడలేకపోయిన. ఆ బయానా, ఆ ఇల్లు నాకు కండ్లల్ల మెదిలినయి. ఖాదర్ భాయి నవ్వుకుంటనే అన్నడు, "సార్, మీరు అమ్మనీకె వచ్చిన్రా, ఆపనీకె వచ్చిన్రా?"

నేను టైము కాకముందే చాయ్ కోసం ఆపిన. హాల్ ఎన్క మిర్చి భజ్జీ, సుసలా పెట్టించినం. మా దిక్కు బొరుగులు తాలింపు పెట్టి చేస్తరు, అది లేంది బీదర్ల ఏ కార్యం కాదు. అందరు అటు పోంగనే నేను సార్‌ను పక్కకు పిలిచిన. నాకంటె ముందు శకుంతలమ్మ అందుకున్నది.

"పాఠాలు చెప్పి నోటితోనే ఇల్లు నడిపిన్రు, ఇప్పుడు ఆ నోటితోనే కూలగొడ్తరా?" అన్నది. గొంతు పెద్దగ చెయ్యలె. "మాట్లాడనని ఈ పిల్లకు చెప్పిన్రా లేదా?"

సార్ తల దించుకున్నడు. "చెప్పిన. కని శకుంతలా, ఆయన ఆ కాళ్లను చూసే రేటు పెంచుతుండు. నేను చూసుకుంట ఎట్ల కూసోవాలె?"

"అబద్ధం చెప్పుమంటలేం సార్," అన్న నేను. "చెప్పకుంట ఉండుమంటున్నం. గంతే తేడా."

"కాపీ కొట్టిన పిల్లలు గూడ నాతోని గట్లనే అనేటోళ్లు. మేం రాయలె సార్, పక్కోడు చూపెట్టిండు అని." ఆయన నవ్వనీకె చూసిండు గని కండ్లల్ల నీళ్లు. "నన్ను బయటికి పంపియ్యి బిడ్డా. ఆటోల ఇంటికి పోత. ఇక్కడుంటె నేను ఊకోలేను."

నాకు గూడ గదే సరి అనిపిచ్చింది. ఆటో పిలుద్దామని తమ్ముణ్ని చూసేవరకు వాడే ఫోన్ పట్టుకొని ఉరుక్కుంట వచ్చిండు.

"అక్కా, సోలాపూర్ మేడమ్ లైన్ల ఉన్నది. ఆ ఎన్క నుంచి మాట్లాడింది ఎవరు అని అడుగుతాంది."

"సామాను ఆయన అని చెప్పు. ఇంక మాట్లాడడు అని గూడ చెప్పు."

వాడు చెప్పి, విని, నా దిక్కు వింతగ చూసిండు. "వద్దంటాంది అక్కా. ఆయనను ఫోన్ పక్కన కూసోబెట్టమంటాంది. ఎక్కడ చూసినా ఉన్నది ఉన్నట్టు అని రాసి ఇస్తరట, ఇంటికొచ్చినంక చూస్తె సగం పనిచెయ్యయట. ఆ కాళ్ల మాట ముందే చెప్తె ఇంకో నాలుగు మెట్లు ఎక్కేదాన్ని అంటాంది. కాళ్లు ఆమె చేయించుకుంటదట. తెల్వని దాని మీద పైసలు ఎట్ల పెట్టాలె అంటాంది."

నేను అక్కడ్నే నిలబడి ఆలోచన చేసిన. కన్సైనర్ తన సామాను మీద బోలి పెట్టొద్దు, అంటె రేటు తానే పెంచొద్దు. అది తప్పు. కని లోపం చెప్పొద్దని ఎక్కడ లేదు. అది మా అలవాటే. అయినా భయమే. ఆమె ఒక్కతి ఫోన్ల అన్న మాట మీద హర్రాజు నడిపే తీరే మార్చుడు, అది గూడ వేరేవాళ్ల ఇల్లు పణంగ ఉండంగ. శకుంతలమ్మను చూసిన. ఆమె కొంగుతోని మొఖం తుడుచుకొని, "ఇంటికి పంపినా ఆటో ఆయనకు గూడ చెప్తడు ఆ గడియారం సంగతి," అన్నది. "కూసోబెట్టమ్మా. ఏమైతదో కానీ."

నా బల్ల పక్కన సార్‌కు కుర్చీ ఏసినం, చేతుల మైకు పెట్టినం. జనం మల్ల కూసున్నంక చెప్పిన: "ఇప్పటి నుంచి ప్రతి లాట్ లోపాలు మొదట సార్ చెప్తరు. రేటు తర్వాత పిలుస్త."

మొదట వచ్చింది సూక్ష్మదర్శిని, మైక్రోస్కోప్. సార్ దాన్ని చేతుల్లకు తీసుకోంగనే మారిపోయిండు. "దీని అద్దాలు మంచియి. పక్కన స్క్రూ మర ఒకటి వదులైంది. కాగితం ముక్క పెట్టి బిగించిన. చూస్తరా?" అన్నడు. భజ్జీలు వేసేటాయన దగ్గరి నుంచి ఉల్లిగడ్డ తెప్పిచ్చిండు. సన్నటి పొర ఒలిచి గాజు మీద పెట్టి, చూడుండ్రి అన్నడు. వ్యాపారులు ఒకరెన్క ఒకరు లైను కట్టిన్రు. ఖాదర్ భాయి వంగి చూసి చానసేపు లేవలె. లేచినంక నాతోని మెల్లగ అన్నడు, "ఇసొంటియి ఎన్ని అమ్మిన్నో లెక్క లేదమ్మా. ఒక్కదాంట్ల గూడ కన్ను పెట్టి చూడలె." ఆ లాట్ ఆయనే తీసుకున్నడు, కాగితం ముక్కతో సహా, నేను అనుకున్న రేటు కంటె మీదికి.

అటెన్క హర్రాజు నడిచిన తీరు నేను అంతకుముందు చూడలె. దిక్సూచి ముల్లు ఎక్కడ పట్టేస్తదో చెప్పిండు. తక్కెడ రాళ్లల్ల ఏది బదులు పెట్టిందో చెప్పిండు. చేతితోని తిప్పే గ్రామఫోన్ స్ప్రింగు ఎండాకాలం మంచిగుండి చలికాలం మొండికేస్తదని చెప్పిండు. ప్రతిసారి ముందు ఒక నవ్వు, తర్వాత చేతులు లేచుడు. ఫోన్ల నుంచి సోలాపూర్ మేడమ్, హాల్ల ఖాదర్ భాయి, కలబురగి ఆయన, ముగ్గురు పోటీ పడ్డరు. పాసైన బారోమీటర్‌ను గూడ మల్ల తెమ్మన్నరు. ఎండ తప్ప చెప్పని గడియారం మా హోటల్ గోడకు కావాలె అని లాతూర్ ఆయన కొనుక్కున్నడు.

ఎందుకట్లయింది అని నేను తర్వాత చాన ఆలోచించిన. కొనేటోని మనసుల ఎప్పుడు ఒక అనుమానం ఉంటది. దీంట్ల ఏదో ఉన్నది, వీళ్లు చెప్తలేరు అని. అది ఎంత పెద్దదో తెల్వదు కాబట్టి పెద్దదే అనుకొని, అంత మేరకు రేటు తగ్గించుకొనే చెయ్యి ఎత్తుతడు. మర వదులైంది అని పేరు పెట్టి చెప్తె, ఆ అనుమానం ఒక్క మర అంతనే ఉంటది.

చివరి లాట్ పాటల పెట్టె. అన్నిటికంటె విలువైంది అదే. అప్పటిదాంక వచ్చింది మంచిగనే ఉన్నా, కమఠాణ ఇల్లు చేతికి రావాలంటె ఇది గట్టి రేటుకు పోవాలె. ఆ సంగతి నాకు తెలుసు, శకుంతలమ్మకు తెలుసు. సార్ పెట్టెను ఒళ్లె పెట్టుకొని మైకు పట్టుకున్నడు.

"దీనికి లోపం లేదు," అన్నడు. "నేను వెతికిన. ఏం లేదు."

హాల్ల ఎవరికీ అనుమానం రాలె. పొద్దటి సంది వంకలే చెప్పిన మనిషి ఏం లేదు అంటె లేనట్టే. ఖాదర్ భాయి కుర్చీల ముందుకు జరిగిండు. నేను రేటు పిలువనీకె నోరు తెరిచిన.

"ఉన్నది," అన్నది శకుంతలమ్మ.

గోడ పక్క నుంచి నడుమ దారిలకు వచ్చి నిలబడ్డది. "మూడు పండ్లు లేవు దాంట్ల. పాట నడుమల ఆగుతది."

సార్ నవ్విండు. "ఏం మాట్లాడ్తున్నవు శకుంతలా? రోజు సాయంత్రం వింటున్న కద."

"మీరు వినరు. మీరు పాడ్తరు," అన్నది ఆమె. "అది ఆగిన కాడల్ల మీ గొంతు పెడ్తరు. వంటింట్ల నుంచి నాకు ఇనిపిస్తది కద. ఇన్నిటికి నిజం చెప్పి, చివర దీనికి చెప్పకుంటె ఎట్ల? మైకు ఆ పిల్లకు ఇచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని తాళం తిప్పుండ్రి."

సార్ మైకు నాకిచ్చి తాళం తిప్పిండు. ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నడు. డోలు తిరిగింది. బాణీ మొదలైంది, ఊయల లెక్క ముందుకు పోయింది, ఒక్క కాడ టక్కున జారింది. మెట్ల మీద ఒక మెట్టు లేనట్టు. మల్ల అందుకున్నది. మల్ల అదే తావుల జారింది. సార్ చెయ్యి నోటి మీది నుంచి మెల్లగ దిగింది. ఆయన మొఖం నేను మర్చిపోను. ఎన్నేండ్ల సంది ఇంట్ల ఉన్న మనిషి గురించి కొత్త సంగతి తెలిసినట్టు పెట్టె దిక్కు చూసిండు.

"ఇది ఎప్పటి సంది ఇట్లున్నది?" అని అడిగిండు.

"తెచ్చిన దినం సంది."

"నువ్వెందుకు చెప్పలె?"

"మీరు పాడుడు నాకు మంచిగనే ఉండె," అన్నది శకుంతలమ్మ. అనేసినంక, ఇంతమంది విన్నరని యాదికొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ముందు వరుసల ఎవరో చప్పట్లు కొట్టిన్రు. హాల్ మొత్తం నవ్వింది, సార్ గూడ.

నేను మాత్రం లోపల లెక్క వేసుకుంటున్న. పండ్లు విరిగిన పెట్టె రేటు సగానికి పడ్తది. మా తమ్ముడు ఫోన్ చెవి నుంచి తీసి చెయ్యి ఊపిండు. "అక్కా, మేడమ్ అడుగుతాంది. ఆ లేని స్వరాలు సార్ పాడి వినిపిస్తడా అని."

పండ్లు కొత్తవి చేసేటోళ్లు ఉన్నరట, ఫోన్లనే మేడమ్ చెప్పింది. విరిగిన పన్ను ఏ స్వరందో ముండ్లను చూసి అందాజ్ కట్టుకుంటరట. కని ఇన్నేండ్లు మిగిలిన స్వరాల నడుమ కూసొని సరిగ్గ అక్కడ పలికిన మనిషి గొంతు దొరికితె, అంతకంటె మంచి ఆధారం ఉండదు అన్నది.

ఫిజిక్స్ సార్ నలుగురి ముందర ఎన్నడు పాడినోడు కాదు. చెవులు ఎర్రబడ్డయి. శకుంతలమ్మ దిక్కు చూసిండు. ఆమె 'కానియ్యుండ్రి' అన్నట్టు తల ఊపింది. బస్వరాజు ఫోన్ దగ్గర పెట్టిండు. సార్ మల్ల తాళం తిప్పిండు. ఈసారి కండ్లు మూసుకోలె. బాణీ ఆ తావుకు రాంగనే మూడు స్వరాలు, సన్నగ, కొంచెం బొంగురుగ పలికిండు. పాట ఎక్కడ ఆగకుంట అటు దాటిపోయింది. ఇద్దరు కలిసి మోసినట్టు.

రేటు పిలిచిన. ఖాదర్ భాయి, సోలాపూర్ మేడమ్. ఒకరు ఒక మెట్టు, ఇంకొకరు ఇంకో మెట్టు. చివరికి ఖాదర్ భాయి తల అడ్డం ఊపి, సార్‌కు సలాం చేసి కూసున్నడు. సుత్తె కొట్టిన. శకుంతలమ్మ నా దిక్కు చూసింది. ఇల్లు వచ్చినట్టే అని నేను కండ్లతోనే చెప్పిన. ఆమె అక్కడున్న కుర్చీల కూలబడి, మొదటిసారి ఆ దినం ఒక భజ్జీ తెమ్మన్నది.

సామాను మూట కట్టేటప్పుడు సార్ ప్రతి ఒక్కటి ఎట్ల పట్టుకోవాలె, ఎట్ల తుడవాలె అని కొన్నోళ్లకు పక్కన నిలబడి చెప్పిండు. బాధగున్నదా సార్ అని అడిగిన. "లేదు బిడ్డా," అన్నడు. "అందరి మొఖాలు చూసిన. మంచి చేతులే."

మామూలుగ హర్రాజు అయిన తెల్లారి నా ఫోన్ అంటె నాకు భయం. ఇది విరిగింది, అది తిరుగుతలేదు, ఫోటోల గిట్ల లేదు అని ఒకటే లొల్లి. ఆసారి రెండు ఫోన్లే వచ్చినయి. ఒకటి ఖాదర్ భాయిది, సార్ దగ్గర ఇంకేమన్న మిగిలినయా అని. ఇంకొకటి లాతూర్ ఆయనది, గడియారం గోడకు పెట్టిన, ఎండనే చెప్తాంది, అందరు నవ్వుతున్నరు అని. ఒక్క సామాను తిరిగి రాలె.

దసరా ముందరనే వాళ్లు కమఠాణకు మారిన్రు. కొన్ని నెలలైనంక సోలాపూర్ మేడమ్ బాగుచేసిన పెట్టె పాటను మా తమ్ముని ఫోన్‌కు పంపింది. నేను, వాడు తీసుకపోయి వినిపిచ్చినం. బాణీ ఎక్కడ జారలె, సాఫీగ పోయింది. సార్ చెవి దగ్గర పెట్టుకొని రెండుసార్లు విన్నడు. "మంచిగ చేసిన్రు," అన్నడు. "నేను పలికినట్టే పలికిన్రు." శకుంతలమ్మ మాకు జొన్న రొట్టె పెట్టి, ఆయన ఇప్పుడు పెట్టె లేకుంటనే మొత్తం పాడ్తుండని ఫిర్యాదు చేసింది. ఫిర్యాదు లెక్క లేకుండె అది.

ఆ హర్రాజు నా పని తీరు మార్చింది. ఇప్పుడు నా కేటలాగ్ల 'ఉన్నది ఉన్నట్టు' అనే లైను లేదు. ప్రతి లాట్ కింద మొట్టమొదటి లైను లోపమే. అది ఎంత పెద్దదో, దేనితోని సర్దినమో గూడ రాస్తం. సామాను ఇచ్చేటోళ్లకు హాల్ల ముందు వరుసల కుర్చీ ఏస్తం. పెద్ద ఊర్లల్ల ఇదే పని చేసేటోళ్లు కొందరు నన్ను చూసి నవ్వుతరు, ఇట్ల చేస్తె ఎట్ల బతుకుతవు అని. మంచిగనే బతుకుతున్న. ఒకసారి కొన్నోళ్లు మల్ల వస్తున్నరు, ఫోన్ల మీద కొనేటోళ్లు పెరిగిన్రు. రాత్రి నిద్ర గూడ మంచిగ పడ్తాంది.

శకుంతలమ్మ దగ్గర ఇంకొకటి గూడ నేర్చుకున్న. మొన్న నిర్ణా ఊరి నుంచి ఒకాయన తాతల నాటి కుట్టు మిషన్ తెచ్చి, తుడిచి నా బల్ల మీద పెట్టిండు. "దీనికేం లోపం లేదు మేడమ్," అన్నడు. అబద్ధం చెప్పే మనిషి లెక్క లేడు. ఆయనకు నిజంగనే గట్లనే అనిపిస్తాంది.

"కూసోండ్రి అన్నా," అన్న. "ఇంట్ల దీని మీద రోజు కుట్టేదెవరో, ఆమెను గూడ ఒకసారి తోలుకొని రాండ్రి."